గజపతినగరం సంతలో రంగూన్ ముఖం

నాటకాల మేకప్ నేర్చుకుంటామని వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది ఏ కంపెనీ రంగు మంచిదని. రెండోది, సినిమాల్లోకి దారి ఎలా అని. మొదటి ప్రశ్నకు జవాబు ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. రెండోదానికి నా దగ్గర జవాబు లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు దాటి నేను ముఖానికి రంగు వేసింది తక్కువ. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఒక మనిషి కళ్ళు మూసుకుని తన ముఖాన్ని మీ చేతికి ఇస్తే మీరేం చేస్తారు? ఈ పని మొత్తం అక్కడే ఉంది.

ఇప్పుడు నా చేతులు వణుకుతున్నాయి, కనుబొమ్మ గీత తిన్నగా రావడం లేదు. అందుకని మానేశాను. మానేసినా చేతులు ఊరుకోవు. బస్సులో ఎదురు సీట్లో కూర్చున్నవాళ్ళ దవడ ఎముక చూసి ఇక్కడ కాస్త నీడ వెయ్యాలి అనుకుంటాను. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే ముఖాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. ఆ స్థిమితం లేనితనంలోనే ఇది రాస్తున్నాను. వరస తప్పితే సర్దుకుని చదవండి.

కూర్మారావు మాస్టారి తెర

నాకు పని నేర్పింది కూర్మారావు మాస్టారు. శ్రీకూర్మం దగ్గర పల్లె ఆయనది. విజయనగరంలో చిన్న గది అద్దెకు తీసుకుని కిరీటాలు, భుజకీర్తులు, విగ్గులు పెట్టెల్లో పెట్టి నాటక సమాజాలకు అద్దెకిచ్చేవాడు. పెట్టెలతో పాటు ఆయనా వెళ్ళి రంగు వేసేవాడు. తెల్లటి సఫేదా, ఎర్రటి ఇంగిలీకం, పసుపు, కాటుక, కొబ్బరినూనె. ఈ ఐదింటితో దేవుళ్ళనీ రాక్షసులనీ తయారు చేసేవాడు. నోరు మంచిది కాదు. చెయ్యి మాత్రం పసిపిల్లకు నలుగు పెట్టే చెయ్యిలా ఉండేది.

ఆయనకు రెండు నియమాలుండేవి. ఒకటి, మేకప్ వేసే చోట తెర కట్టాలి, వేషగాడూ రంగు వేసేవాడూ తప్ప మూడో మనిషి లోపలికి రాకూడదు. ఊరి సర్పంచి వచ్చినా తెర బయటే. "సగం మొకం ఎవులూ సూడకూడదురా. సగం మొకం బట్టల్లేని ఒంటితో సమానం" అనేవాడు. రెండోది, ఏ చెయ్యి వేసిందో ఆ చెయ్యే తీయాలి. నాటకం అయిపోయాక దూది నూనెలో ముంచి రంగంతా తుడిచి, మనిషిని మనిషిగా ఇంటికి పంపితేనే పని అయినట్టు.

ఈ రెండో నియమం ఎందుకో నాకు ఒక తెల్లవారుజామున తెలిసింది. పౌరాణిక నాటకం అయిపోయింది. రాజు వేషం కట్టినాయన ఊళ్ళో రైసుమిల్లు దగ్గర బస్తాలు మోసే మనిషి. పద్యం అద్భుతంగా పాడేవాడు. అందరూ రంగు కడుక్కుని వెళ్ళిపోతున్నారు, ఆయన మాత్రం కిరీటంతో కుర్చీలోనే కూర్చున్నాడు. టీ కొట్టువాణ్ణి చూసి "ఎవరక్కడ! తేనీరు!" అన్నాడు. అందరం నవ్వాం. మాస్టారు నవ్వలేదు. దూది తీసుకుని దగ్గరికెళ్ళాడు.

"రాజుగారూ, మొకం ఇలాగియ్యండి."

"కూర్మా, ఇంకో అరగంట ఉండనీరా" అన్నాడాయన మెల్లగా. "ఇంటికెల్తే మల్లీ ఒరే అంటారు."

మాస్టారు తుడిచేశాడు. ఆయన కళ్ళు మూసుకుని తుడిపించుకున్నాడు. దూది మీదికి ఇంగిలీకంతో పాటు ఏం వచ్చిందో నేను చూశాను. తర్వాత నాకు కోపం వచ్చి, అరగంటలో ఏం మునిగిపోతుందని అడిగాను. "ఒగ్గీస్తే ఆడు రేపు బస్తా ఎత్తలేడురా" అన్నాడు మాస్టారు.

అది సరైన తీర్పేనని చాలా ఏళ్ళు నమ్మాను. నేనూ అలాగే తుడిచాను, ఎవరు బతిమాలినా.

బల్ల దగ్గర

మా నాన్న చర్చి సంఘంలో ఉపదేశి. నేను నడక నేర్చింది గుడి చాప మీద. అక్షరాలు నేర్చింది బైబిలు వాక్యంలో. అలాంటి ఇంట్లోంచి వచ్చి నేను దేవుళ్ళ నాటకాలకు రంగు వేయడం మా పెద్దలకు మింగుడు పడలేదు. ప్రభువు చివాట్లు పెట్టిన మనుషులకు మన లేఖనంలో ఉన్న మాటే వేషధారులు. "నీ బతుకుతెరువే అదయ్యా దానం" అని నా పేరు పెట్టి అన్నారు అప్పటి పాస్టరు అయ్యగారు. కొన్నాళ్ళు నన్ను ప్రభువు బల్లకు రానివ్వలేదు. అందరూ రొట్టె తీసుకుంటుంటే నేను వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చునేవాణ్ణి. అది నాకు చిన్న విషయం కాదు. ఆ రోజుల్లో తిండి సరిగ్గా దిగేది కాదు.

ఎలా తేలిందంటే, క్రిస్మస్ నాటకంలో తూర్పు దేశపు జ్ఞానులకు గడ్డాలు కావలసి వచ్చాయి. ముగ్గురికీ పీచు గడ్డాలు కట్టుకుంటే పిల్లలు భయపడి ఏడిచారు. అయ్యగారు కబురు పంపారు. నేను క్రేపు జుట్టుతో గడ్డాలు అంటించాను. ఆ తర్వాతి ఆదివారం నుంచి నాకు రొట్టె దొరికింది. దీన్ని తలుచుకుని ఇప్పటికీ నవ్వుకుంటాను. అయ్యగారిని మాత్రం తప్పు పట్టను. ముఖం మార్చే పనిలో ప్రమాదం ఉందని ఆయన అన్నది నిజమే. అది ఎక్కడుందో చెప్పడంలోనే తేడా వచ్చింది.

మా సంఘంలో ఒక మాట తరచూ వస్తుంది. విశ్వాసులం ఈ లోకంలో పరదేశులం, యాత్రికులం, మన దేశం వేరే ఉంది అని. ఆ మాట మీద పాటలు కూడా గట్టిగా పాడేవాణ్ణి. సొంత ఇల్లు, రేషన్ కార్డు, పెరట్లో కొబ్బరిచెట్టు పెట్టుకుని పాడేవాణ్ణి. పరదేశి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియదు. పని మానేయడానికి మూడు నాలుగేళ్ళ ముందు దాకా తెలియదు.

స్వాతి అడిగిన పని

హుద్‌హుద్ తుఫాను వెళ్ళిన తర్వాతి చలికాలం. నాటకాలు తగ్గిపోయి, పెట్టెల్లో కిరీటాలకు తుప్పు పడుతున్న కాలం. స్వాతి అనే అమ్మాయి వచ్చింది. గజపతినగరంలో కిరాణా కొట్టు సూర్యారావు కూతురు. హైదరాబాదులో నాటకాల చదువు చదివింది. తను చేసేది నాటకం కాదు, పెర్ఫార్మెన్స్ ఆర్ట్ అంది.

"కథ ఉండదు మాస్టారూ. డైలాగులుండవు. ఒక మనిషి జనం ముందు నిజంగా ఒక పని చేస్తుంది. వాళ్ళు చూస్తారు. అంతే."

"ప్రార్థన కూటం లాంటిదా?"

ఆ పిల్ల నవ్వింది. "దాదాపు."

ఫోన్లో కొన్ని వీడియోలు చూపించింది. ఒకాయన రోజంతా సూట్‌కేసు నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. ఒకామె బియ్యంలో మన్ను కలిపి ఏరింది. చాలావాటిలో నాకేమీ కనపడలేదు. కొన్ని వట్టి మోసమని ఇప్పటికీ అనుకుంటాను. కొత్తగా ఈ దారిలోకి వెళ్ళే పిల్లలకు చెబుతున్నాను, అర్థం కానిదంతా లోతైనది కాదు.

కానీ స్వాతి చెప్పిన పని వేరు. వాళ్ళ నాయనమ్మ అప్పలనరసమ్మ పుట్టింది రంగూన్‌లో. రెండు తరాల ముందు ఇక్కడి నుంచి ఓడెక్కి వెళ్ళిన కుటుంబం. అరవైల్లో అక్కడి ప్రభుత్వం మారి, కొట్లు లాక్కుని పొమ్మంది. చేతి గాజులు కూడా రేవులో తీయించేసుకుని ఓడ ఎక్కించారు. చంకలో పిల్లాడితో విశాఖపట్నంలో దిగింది. ఆ పిల్లాడే సూర్యారావు. విజయనగరం చివర బర్మా నుంచి వచ్చినవాళ్ళకు ఇచ్చిన కాలనీలో చాలా ఏళ్ళు ఉన్నారు. తర్వాత సూర్యారావు గజపతినగరంలో కొట్టు పెట్టి తల్లిని తీసుకెళ్ళాడు.

స్వాతికి కావలసింది ఇది. సంత రోజు, పట్టపగలు, జనం మధ్య ఒక కుర్చీ. అందులో తను కూర్చుంటుంది. నేను తన ముఖం మీద మొదట ఈ ఊరి ఆడపిల్ల ముఖం, దాని మీద రంగూన్ ముఖం, దాని మీద కాలనీ ముఖం వెయ్యాలి. ఒకటి తుడవకుండా దాని మీదే ఇంకొకటి. చివర్లో అన్నీ ఒకేసారి నూనెతో తీసెయ్యాలి. మాటల్లేవు, తెర లేదు.

"తెర లేకుండానా?"

"మేకప్ రూమే స్టేజీ మాస్టారూ."

వెంటనే లేచి నిలబడ్డాను. పెరట్లోకి వెళ్ళి వచ్చాను. మాస్టారు బతికుంటే పెట్టె నా నెత్తిన పడేసేవాడు. ఒప్పుకోవడానికి నాకు వారం పట్టింది. ఆ వారమంతా వీధిలో అటూ ఇటూ తిరిగాను. ఎందుకు ఒప్పుకున్నానంటే, పరదేశి ముఖం వెయ్యమని నన్ను అడిగిన మొదటి మనిషి ఆ పిల్ల.

పసుపు ముఖం

నాకు తెలిసిన రంగూన్ ముఖం ఒక్కటే. పాత సాంఘిక నాటకాల్లో చైనా గూఢచారికి మాస్టారు వేసేది. సఫేదాలో పసుపు కలిపి పూత, కళ్ళ చివర కాటుకతో పైకి లాగిన గీత. సూర్యారావు కొట్టు వెనక ఇంట్లో, ఆయన సరుకు కోసం విశాఖపట్నం వెళ్ళిన రోజు, స్వాతి ముఖం మీద అదే వేశాను. బాగా కుదిరిందనుకున్నాను.

అప్పలనరసమ్మ డెబ్బై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా ఉంటుంది. ముఖం మీద ఏ బొట్టూ లేదు. గుమ్మంలో నిలబడి మనవరాలిని చూసి పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఒలమ్మో! ఇదేటే, కామెర్లు వచ్చీసినాయా?"

"రంగూన్ ముఖం అప్పా" అన్నాను, అక్క వరస కలిపి.

నవ్వు ఆగిపోయింది. "ఎవులి మొకం? నాను రంగూన్లో పుట్టినాను. నా కల్లు ఇలాగున్నాయేటి? నా ఒల్లు పసుపుముద్దలాగున్నాదేటి? అక్కడ మమ్మల్ని ఈలు మావోలు కాదన్నారు. ఇక్కడికొస్తే ఈలు బర్మావోలు అన్నారు. ఇప్పుడు నువ్వొచ్చి నా మనవరాలిని సైనా ఓడిని సేసినావు. ఇంక మిగిలిందేటి?"

చేతిలోని కాటుక పుల్ల కింద పెట్టాను. ఈ వృత్తిలో అందరం చేసే తప్పే అది. దూరపు మనిషి ముఖం అనగానే మన పెట్టెలో ఉన్న రంగు తీస్తాం, ఆ మనిషిని అడగం. మీరు అడగండి. మనిషి బతికుంటే మనిషినే అడగండి.

"మరి ఏం వేసుకునేవారప్పా?"

ఆమె నేల మీద కూర్చుంది. రెండు బుగ్గల మీద వేళ్ళతో గుండ్రంగా గీసి చూపించింది. "తనాకా. సెట్టు బెరడు. సానరాయి మీద నీల్లేసి అరగదీస్తే గందంలాగొస్తాది. బుగ్గలకి ఇలాగ, ముక్కు మీద ఇలాగ. ఎండకి సల్లగుంటాది. తెలుగోలు, బర్మావోలు, తురకలు, ఆడోలందరం రాసీవోలం. అక్కడ మా ఇంట్లో పొద్దున్నే ఆ వాసనే."

"ఆ చెట్టు ఇక్కడ దొరకదు కదా" అంది స్వాతి.

"దొరక్కేటి! ఓడ దిగిన కొత్తలో ఎస్.కోట సంతలో పొయ్యికర్రలు కొన్నాను. కొండోలు తెస్తారు. ముల్లకర్ర, ఎలగ జాతి. పొయిలో ఎట్టబోయి వాసన సూసి అక్కడే కూలబడిపోనాను. మేం దాసుకుని దాసుకుని రాసుకున్నదాంతోటి ఈలు అన్నం వొండుకుంటన్నారు."

"మరి అప్పటినుంచి రాసుకోలేదా?"

"ఎవులు రాసుకోనిస్తారే?" అంది. లేచి చీర దులుపుకుంది.

ఎస్.కోట సంతకు నేనే వెళ్ళాను. ఏ కర్రో తెలియక అన్ని రకాలూ తలా ఒక ముక్క తెచ్చాను. ఆమె ఒక్కొక్కటీ గోటితో గీకి వాసన చూసింది. "కాదు. కాదు. ఒరే దానం, ఇది ఏపకర్ర, నీకు ముక్కు నేదేటి? ఇది కాదు." ఒక ముక్క దగ్గర ఆగింది. మళ్ళీ గీకింది. తలెత్తకుండా, "రాయి తే" అంది స్వాతితో.

సూర్యారావు మాట

సానరాయి మీద ఆమె అరగదీస్తుండగా సూర్యారావు వచ్చాడు. యాభై దాటిన మనిషి, మెత్తని మాట, సంతలో పెద్దమనిషి. వాసనకు గుమ్మంలోనే ఆగిపోయాడు. కూతురు విషయమంతా చెప్పింది. ఆయన కోపం నా మీదికి తిరిగింది.

"దానం గారూ, మీకిది ఒక రోజు పని. నాకిది కొట్టు. బడిలో నన్ను పేరెట్టి పిలిచినోడు ఒక్కడూ నేడు. ఒరే బర్మా. ఎవుడి పెన్సిల్ పోయినా ముందు నా జేబే ఎతికీవోరు. ఈ ఊరొచ్చి మాది ఎస్.కోట అని సెప్పినాను. ఒక్క అబద్దం. అప్పట్నుంచి ఎవుడూ నన్నేటీ అన్నేదు. మీరు గుడిలో పెద్ద, అబద్దం తప్పంటారు. అనండి. ఆ అబద్దం అన్నం తినే ఈ పిల్ల పెరిగింది."

నా దగ్గర వాక్యాలకు కొదవ లేదు. ఒక్కటీ తియ్యకుండా పక్కకు జరిగి ఆయనకు దారిచ్చాను. తియ్యకపోవడమే మంచిదయింది.

తల్లి రాయి ఆపలేదు. "ఒరే సూరిగా, అబద్దం నువ్వు సెప్పినావు. నోరు మూసుకున్నది నాను. బర్మా మాట ఆడకే అన్నావు, మానీసినాను. కాలనీకెల్లి ఎవుల్నీ సూడకే అన్నావు, మానీసినాను. ఈ ఊరోలు రోజూ నన్ను సూస్తన్నారు. ఒక్కలూ ఎరగరు. సచ్చీలోగా ఒక్కపాలి ఎరిగి సూడాలి. అంతే నాకు."

"సంతలో ఆ కుర్చీ మీద నువ్వు కూకున్నావంటే నాను కొట్టు మూసీసి ఎల్లిపోతాను. మల్లీ రాను."

ఆమె చెయ్యి ఆగింది. కొడుకు ముఖంలోకి చూసింది. వట్టి బెదిరింపు కాదని ఆమెకు తెలిసింది, నాకూ తెలిసింది. ఒకసారి ఊరు వదిలిన మనిషికి ఇంకోసారి వదలడం ఎంత తేలికో నేను అప్పుడే అర్థం చేసుకున్నాను.

చివరకు ఒక ఒప్పందానికి వచ్చారు. కుర్చీలో స్వాతి కూర్చుంటుంది. ఇంటి పేరు, రంగూన్ పేరు ఎవరూ ఎత్తరు. నాయనమ్మ గడప దాటదు. ఆమె సరేనంది. గంధం గిన్నె నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. అంత తొందరగా సరేనన్న మనిషిని నమ్మకూడదని నాకు తెలిసి ఉండాల్సింది.

సంత రోజు

సంతలో ఒక పక్క, వంకాయల వరస చివర, నాలుగు బల్లలు కలిపి వేశాం. ఒక కుర్చీ, నా పెట్టె, అద్దం. అద్దం జనం వైపు తిప్పి పెట్టమంది స్వాతి. సూర్యారావు కొట్టు అక్కడికి కనపడుతుంది.

బల్ల ఎక్కేముందు ప్రార్థన చేసుకున్నాను. బైబిల్లో చెరలోకి పోయినవాళ్ళను నది ఒడ్డున కూర్చోబెట్టి మీ దేశపు పాట పాడండి అని అడిగారట. వాళ్ళు పాడలేమన్నారు. ఇక్కడ పాడతానన్న మనిషిని మేము ఇంట్లో కూర్చోబెట్టి వచ్చాం. ఆ ఆలోచన వచ్చాక ప్రార్థన ముందుకు సాగలేదు. ఆమెన్ అనకుండానే లేచాను.

జనం మూగారు. ఇన్నేళ్ళలో నేను తెర ముందు నిలబడింది లేదు. పెట్టె మూత రెండుసార్లు తీసి మూశాను.

"ఏటిది, సర్కస్సా?"

"కాదురా, పల్లపొడి అమ్ముతారు. ఇప్పుడు సూడు, సీసా తీస్తాడు."

"ముసిలోడా, ఆ గుంటపిల్లకి పెల్లేటి?"

మొదటి ముఖం వేశాను. పసుపు, కాటుక, బొట్టు. కూరలమ్మే ఆడవాళ్ళు "సక్కగున్నాదే" అన్నారు. తర్వాత గంధం గిన్నె తీశాను. వేళ్ళు ముంచాను. స్వాతి కళ్ళు మూసుకుంది. చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఎందుకంటే అది ఆ ముఖం మీద వెయ్యాల్సింది కాదు. ఎవరో తినాల్సిన అన్నం వేరేవాళ్ళ నోట్లో పెడుతున్నట్టు అనిపించింది. జనం గొణగడం మొదలుపెట్టారు.

"తప్పుకోండి, తప్పుకోండి" అని వెనక నుంచి వినిపించింది. అప్పలనరసమ్మ. ఉతికిన చీర కట్టుకుని, చెప్పుల్లేకుండా. బల్ల దగ్గరికి వచ్చి మనవరాలి భుజం తట్టింది.

"నెగవే. ఈ కుర్సీ నాది."

స్వాతి లేచింది. ఆ పిల్ల నెలల తరబడి రాసుకున్న పథకమంతా పోయింది. అయినా కుర్చీ నాయనమ్మ వైపు తిప్పి పక్కకు తప్పుకుంది. ఆ పిల్ల మంచి కళాకారిణి అని నాకు అప్పుడు తెలిసింది.

"అప్పా, కింద పొర వెయ్యలేదు" అన్నాను, ఏం మాట్లాడాలో తెలియక.

"కింద పొర పుట్టుకతోటి ఉన్నాది. ఎయ్యి."

వేశాను. ఎముకలు తేలిన బుగ్గల మీద గుండ్రంగా, ముక్కు మీద సన్నగా. ఆమె కళ్ళు మూసుకోలేదు. జనాన్నే చూస్తూ కూర్చుంది.

"సూర్రావు గోరి అమ్మ కాదేటి?" అన్నారెవరో. ఇంకో గొంతు గట్టిగా, "ఓరి, అది బర్మావోలు రాసుకుంటారు! ఇజీనారం కాలనీలో సూసినాను. ఈలు బర్మావోలు!"

వంకాయల బేరం కూడా ఆగిపోయింది.

"అవును" అంది అప్పలనరసమ్మ. గొంతు పెంచలేదు. "అక్కడున్నప్పుడు కోరంగీ అన్నారు. కోరంగి రేవులో ఓడెక్కొచ్చినోలని. బజార్లో ఎల్తంటే కోరంగీ, కోరంగీ అని రాల్లేసీవోరు. ఇక్కడికొస్తే బర్మా అన్నారు. మజ్జిలో ఓడ మీద ఉన్నన్నాల్లే ఎవులూ మమ్మల్ని ఏటీ అన్నేదు."

వంకాయలమ్మే ఆమె, బుట్ట పక్కన గొంతుక్కూర్చునే, "ఓడ మీద ఏటి తిన్నారే అప్పా?" అంది.

"గంజి. ఉప్పు నేని గంజి."

"సంటి పిల్లలకో?"

"ఆలకీ అదే."

అప్పుడు ఒకరు సముద్రంలో భయమెయ్యలేదా అన్నారు, ఇంకొకరు అక్కడ మీకు పొలముండేదా అన్నారు. ఆమె ఒక్కొక్కరికీ చెప్పింది. మాటలుండవని స్వాతి చెప్పిన ఆటలో అందరూ మాట్లాడారు. నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను.

జనం పక్కకు జరిగారు. సూర్యారావు. వెనక ఆయన కొట్టు షట్టరు సగం దించి ఉంది.

"అమ్మా, నెగు. ఇంటికి పోదాం."

ఆమె వంగి కొడుకు ముఖం చూసింది. "ఓడ దిగినప్పుడు నీ బుగ్గల మీద ఉన్నాదిరా ఇది. రేవులో పోలీసోలు సూసి, ఈలు మనోలు కాదు, తిరిగి పంపీండి అంటారని బయ్యమేసి నా పైట తడిపి తుడిసీసినాను. గట్టిగా తుడిసినాను. నువ్వు ఏడిసినావు. గురుతున్నాదా?"

ఆయన చెయ్యి ఒకసారి చెంప దాకా వెళ్ళి దిగింది.

పని ముగించాల్సిన వేళయింది. మాస్టారి నియమం నా ఒంట్లో ఉంది. దూది నూనెలో ముంచి ఆమె ముఖం దగ్గరకు తీసుకెళ్ళాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. ఆ వయసు చేతిలో అంత పట్టు ఉంటుందనుకోలేదు.

"ఒగ్గీరా దానం. ఆరిపోయి అదే రాలతాది."

బస్తాలు మోసే ఆ రాజు గుర్తొచ్చాడు. అరగంట అడిగాడు. మేం ఇవ్వలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా కాళ్ళు ఒకచోట నిలవడం లేదు.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆమె బల్ల దిగి సంత మధ్యలోంచి నడిచింది. కొడుకు పక్కన నడవలేదు, వెనక నడిచాడు. కొట్టు దగ్గర షట్టరు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. దించేస్తాడనుకున్నాను. పైకెత్తాడు. ఆమె లోపలికి, వెనకింట్లోకి వెళ్ళలేదు. కాటా పక్కనున్న స్టూలు మీద, వీధిలోకి ముఖం పెట్టి కూర్చుంది. నేను దూది పట్టుకుని వెనకాలే వచ్చి పంచలో నిలబడ్డాను, నన్ను ఎవరైనా పిలుస్తారేమో అన్నట్టు.

చింతపండు కోసం ఒకామె వచ్చింది. సంతలో జరిగింది చూడలేదు కాబోలు. ముసలామెను చూసి నోరు నొక్కుకుంది.

"ఏటి పిన్నీ, మొకానికేటది?"

అప్పలనరసమ్మ నోరు తెరవబోయింది. ఈలోగా సూర్యారావు అన్నాడు. తలెత్తలేదు. చింతపండు కాగితంలో పొట్లం కడుతూనే ఉన్నాడు.

"సల్లగుంటాదమ్మా ఎండకి. మా రంగూన్లో రాసుకుంటారు."

దారం చుట్టి తెంపాడు. పొట్లం ఆమె చేతికిచ్చాడు. ఆమె, "మరి నాకు కూడా ఇయ్యి కొంచెం" అంది ముసలామెతో.

దూది నా చేతిలోనే ఉంది. ఎక్కడ పారెయ్యాలో తోచక జేబులో పెట్టుకున్నాను. బస్సెక్కేసరికి నూనె చొక్కా గుండా దిగి ఒంటికి తగిలింది.